కొత్త మడమ ఊగుతుంటే స్క్రూను తిట్టకండి

నర్సంపేట వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. తాతగారి నుంచి లైసెన్సుతో సహా తన పేరు మీదికి వచ్చిన 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ. పాత మడమ, అంటే భుజానికి ఆనించే కర్ర భాగం, చెయ్యి పట్టుకునే దగ్గర పగిలింది. బయట రెడీమేడ్‌గా దొరికే అఖ్రోట్ కర్ర మడమ ఒకటి తెప్పించి, ఊళ్ళో వడ్ల పని చేసేవాళ్ళతో లోపల కాస్త చెక్కించి బిగించారు. మొదట బాగానే పట్టింది. ఆరేడు తూటాలు కాల్చగానే కర్రకూ ఇనుముకూ మధ్య కదలిక వచ్చింది. స్క్రూ బిగిస్తే పోతోంది, కాలిస్తే మళ్ళీ వస్తోంది. ఇంకాస్త లావు స్క్రూ వేయాలా, లేక అరాల్డైట్ పోసి శాశ్వతంగా అతికించేయాలా అని అడిగారు. భుజం నొప్పి, చెంప మీద దెబ్బ అని కూడా చివర్లో రాశారు, దాని సంగతి తర్వాత.

రెండూ వద్దు. ముందు కాల్చడం ఆపండి. మడమను పట్టి ఉంచేది స్క్రూ కాదు. స్క్రూ కర్రను ఇనుము దగ్గరికి లాగి ఉంచుతుంది, అంతే. కాల్చినప్పుడు వెనక్కి వచ్చే దెబ్బను మోయాల్సింది యాక్షన్ (లోపల పేల్చే యంత్రం ఉండే ఇనుప భాగం) వెనక ముఖానికి ఆనుకుని ఉండే కర్ర ముఖం. మీ కొత్త మడమలో ఆ ఆనిక సరిగ్గా లేదు, దెబ్బంతా స్క్రూ మీద, యాక్షన్ నుంచి వెనక్కి కర్ర మీదికి సాగే పై పట్టీ తోక మీద పడుతోంది. ఆనిక కుదిరేదాకా మీరు ఎంత లావు స్క్రూ వేసినా ఏడో తూటాకు వదులయ్యేది పదో తూటాకు వదులవుతుంది, ఈ లోపు కొత్త కర్ర కూడా పగులుతుంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదట హైదరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర, తర్వాత హన్మకొండలో లైసెన్సున్న దుకాణంలో. పేపర్లో మడమ అంటారు, మా దుకాణంలో కుందా అంటాం, మీరు స్టాక్ అని రాశారు. మూడూ ఒకటే కాబట్టి ఏది వాడినా కంగారు పడకండి.

ఇంకో మాట ముందే చెప్పాలి, చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరు కూడా లైసెన్సు ఉన్నవాళ్ళే చేయాలి. తుపాకీ మీద లైసెన్సు మీకు ఉన్నంత మాత్రాన ఊళ్ళో వడ్ల ఆయన చేతికి ఆయుధం ఇచ్చి వదిలేసి రావచ్చని కాదు. కర్ర పని ఆయన చేతిలో మీకన్నా నాకన్నా బాగుండొచ్చు, కానీ ఆయన ఇంట్లో మీ తుపాకీ రాత్రి ఉంటే రేపు జవాబు చెప్పుకోవాల్సింది మీరు. దుకాణంలో ఇస్తే రిజిస్టర్‌లో నంబరు ఎక్కుతుంది, మీకు రసీదు వస్తుంది. నేను కింద రాసేదంతా మీరు ఇంట్లో కూర్చుని విప్పడానికి కాదు, దుకాణం ఆయన ఏం చేస్తున్నాడో, ఏం చేయకుండా వదిలేశాడో మీకు అర్థం కావడానికి. మడమను పొట్టిగా కోసి పిస్తోలు పట్టు చేయమని, నాలి (బ్యారెల్) కాస్త తగ్గించమని అడిగేవాళ్ళు ఏడాదికి ఒకరైనా వస్తారు. నాలి కోయడం నేరం, ఆరో సెక్షన్‌లోనే ఉంది. మడమ విషయంలో కూడా నేను చేయను, ఇంకెవరైనా చేస్తానంటే ఆ దుకాణం మెట్లు దిగండి.

ఇక అసలు సంగతి. 12 బోరులో మామూలు 32 గ్రాముల గుండ్లు సెకనుకు దాదాపు 370 మీటర్ల వేగంతో ముందుకు పోతాయి. దానికి బదులుగా మూడు కిలోల పైచిలుకు తుపాకీ సెకనుకు నాలుగు, నాలుగున్నర మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఇనుము వెనక్కి రావాలని చూస్తుంది, కర్రను మీ భుజం ఆపుతుంది. ఈ రెంటి మధ్య అర మిల్లీమీటరు ఖాళీ ఉన్నా ఇనుము ఆ అర మిల్లీమీటరు పరిగెత్తుకొచ్చి కర్రను గుద్దుతుంది. ఆనుకుని ఉన్న గోడను తోయడం వేరు, సుత్తితో కొట్టడం వేరు కదా. మీ తుపాకీలో ప్రతి తూటాకూ ఆ సుత్తి దెబ్బ పడుతోంది. కర్ర పీచు నలుగుతుంది, ఖాళీ ఇంకాస్త పెరుగుతుంది, తర్వాతి దెబ్బ ఇంకా గట్టిది.

మీరు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. పాత మడమ పగులు ఎక్కడ మొదలైందో గమనించారా? పై పట్టీ తోక చివర నుంచి. చెయ్యి పట్టుకునే సన్నటి నడుము మీదుగా వెనక్కి వెళ్ళింది. అది వయసు వల్ల వచ్చిన పగులు కాదు. ముందు ముఖం నూనె తాగి మెత్తబడి వెనక్కి జరిగింది, తోక చివర కర్రకు తగిలింది, మొద్దుకు మేకు కొట్టినట్టు చీల్చింది. పై పట్టీ తోక చివరకూ కర్రకూ మధ్య సన్నటి సందు ఉండి తీరాలి. విజిటింగ్ కార్డు ముక్క ఒకటి అందులో దూరి రావాలి. బయటి నుంచి చూస్తే ఆ సందు పని సరిగ్గా రానివాడు చెక్కినట్టు కనిపిస్తుంది, అందుకే ఊళ్ళో వడ్ల వాళ్ళు అక్కడ బిగుతుగా చేసి, ముందు ముఖం దగ్గర, అది ఎలాగూ కనపడదు కదా అని, ఎక్కువ చెక్కేస్తారు. సరిగ్గా తలకిందులు. తలుపు చెక్కకు అది మంచి పనితనమే, తుపాకీకి కాదు. మీ కొత్తదాంట్లో కూడా అదే జరిగి ఉంటుందని నా అనుమానం, కార్డు ముక్క పెట్టి చూడండి. దానికి ఏదీ విప్పక్కర్లేదు.

మీది బాక్స్‌లాక్ (పేల్చే యంత్రమంతా యాక్షన్ లోపలే ఉండేది), స్క్రూలతో పట్టే రకం. దీంట్లో పై పట్టీని, కింద ట్రిగ్గర్ ప్లేటును కలిపే స్క్రూలు రెండు ముఖ్యం. ఒకటి తుపాకీ తెరిచే మీట కింద దాక్కుని ఉంటుంది, మీటను పక్కకు తోస్తేనే తల కనిపిస్తుంది. ఇంకోటి వెనక, తోక దగ్గర, కింది నుంచి పైకి వస్తుంది. ఈ రెండూ కర్రను రొట్టెముక్కల మధ్య కూరలా నొక్కి పెడతాయి, వెనక్కి లాగే శక్తి వీటికి పెద్దగా లేదు. పంప్ యాక్షన్లు, చాలా సింగిల్ బ్యారెళ్ళు, ఓవర్ అండర్ (ఒక నాలి మీద ఇంకో నాలి ఉండే) రకాలు వేరు. వాటిలో మడమ వెనక రబ్బరు తీస్తే లోపల పొడవాటి రంధ్రం, దాని అడుగున పొడుగు బోల్టు. అది వెనక నుంచి మొత్తం కర్రను యాక్షన్‌కు లాగి కట్టేస్తుంది. ఆ రకానికి రెడీమేడ్ మడమలు చాలావరకు బాగానే కూర్చుంటాయి, ఎందుకంటే ఆ యాక్షన్లు ఫ్యాక్టరీలో ఒకే కొలతకు వస్తాయి. వాటికి చెప్పేది తక్కువే. బోల్టు తల కింద ముందు చదును వాషరు, దాని మీద స్ప్రింగ్ వాషరు ఉందో లేదో చూసుకోండి, మరలకు నీలం రంగు లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి, ఎర్రది వద్దు, మళ్ళీ విప్పాలంటే ఏడుస్తారు. పొడుగు హ్యాండిల్ ఉంది కదా అని బలం చూపించకండి, వాషరు ఎండు కర్రలోకి దిగబడి లోపల నిలువునా చీలుస్తుంది.

పాత జోడు నాలికి మాత్రం ‘అన్నిటికీ సరిపోయే మడమ’ అనేది లేదు. అమ్మేవాడు తొంభై శాతం పూర్తయింది అని చెప్తాడు. మిగిలిన పది శాతమే పని అంతా. చేత్తో ఆకురాయి పట్టి చేసిన యాక్షన్లు ఒకే కంపెనీవి రెండు పక్కపక్కన పెట్టినా వెనక ముఖంలో తేడా ఉంటుంది.

ఆ పది శాతం ఎలా చేస్తామో చెప్తాను. యాక్షన్ వెనక ముఖానికి మసి పట్టిస్తాం. ఉస్తాద్ కిరోసిన్ దీపం వాడేవాడు, నేను కర్పూరం వెలిగించి ఆ పొగ మీద పెడతాను, మసి చాలా సన్నగా, సమంగా పడుతుంది. (మా ఆవిడ మొదట్లో ఏమిటీ పూజ అనుకుంది.) అలా మసి పట్టిన ఇనుమును మడమలోకి నేరుగా దించి, చెక్క సుత్తితో ఒక చిన్న తట్టు తట్టి, తీసి చూస్తాం. ఎక్కడ నల్లటి చుక్క అంటుకుందో అక్కడే తగులుతోందని అర్థం. ఆ చుక్కను మాత్రమే ఉలితో గీకుతాం, చెక్కం. రాలేది పొడి, పెచ్చు కాదు. మళ్ళీ మసి, మళ్ళీ దించడం. ఒక్కో తుపాకీకి నలభై, యాభై సార్లు అవుతుంది. మొదట మూడు చుక్కలుంటాయి, తర్వాత పది, చివరికి ముఖమంతా బూడిద రంగులో సమంగా వస్తుంది. కుడి, ఎడమ రెండు వైపులా ఒకేలా రావాలి. ఒక్క ఎడమ వైపే ఆనితే దెబ్బంతా కర్ర ఎడమ అంచు మీద పడి అటే పగులుతుంది. రెండు రోజుల పని. గంటలో చేసి ఇస్తాను అన్నవాడు గంటలో చేసే పనే చేస్తాడు.

మీదాంట్లో ఇప్పటికే ఎక్కువ చెక్కేశారు కాబట్టి తీసిన కర్రను తిరిగి పెట్టాలి. రెండు దారులున్నాయి. మంచి పాత ఇంగ్లీషు తుపాకీ అయితే అదే జాతి కర్ర నుంచి పల్చటి ముక్క, పీచు దిశ కలిసేలా, ముందు ముఖానికి అతికి మళ్ళీ మసి పని చేస్తాను. పొలం దగ్గర వాడుకునే తుపాకీ అయితే ఎపాక్సీ పరుపు వేస్తాను. అరాల్డైట్ అని మీరు అడిగింది పూర్తిగా తప్పు కాదు, చోటు తప్పు. అతికించడానికి కాదు, ఖాళీ నింపి ముఖానికి అచ్చు తీయడానికి. నెమ్మదిగా గట్టిపడే రకమే వాడాలి, ఐదు నిమిషాల రకం అంత బలం ఇవ్వదు, పైగా ఇనుము దించేలోపే చేతిలో గడ్డకడుతుంది. పైపు లీకేజీలకు వాడే ముద్దతో ఎవరో నింపి తెచ్చిన తుపాకీ ఒకటి చూశాను, మూడు తూటాలకు బిస్కెట్‌లా పొడైంది.

ఇనుముకు రంగులేని మైనం పాలిష్ రెండు పొరలు రుద్దాలి, మూల మూలనా, ఒక్క వెంట్రుకంత చోటు వదిలినా అక్కడ పట్టేస్తుంది. స్క్రూ రంధ్రాలు, లోపలి మీటల సందులు పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టితో మూసేయాలి. తోక చివర సందులో కూడా అదే మట్టి, లేకపోతే కష్టపడి వదిలిన సందు నిండిపోతుంది. కర్ర ముఖానికి పలచగా ఎపాక్సీ పూసి, ఇనుము దించి, స్క్రూలు చేతి వేళ్ళ బలంతో మాత్రమే పట్టించి ఒక పూర్తి రోజు వదిలేయాలి. మర్నాడు చెక్క సుత్తితో తడితే ‘టక్’ అని చిన్న చప్పుడుతో వదులుతుంది. ఆ చప్పుడు వినేదాకా ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు టెన్షనే. శాశ్వతంగా అతికించేస్తే ఏం పోయింది అంటారా? లోపల స్ప్రింగులున్నాయి, ఏడాదికోసారైనా విప్పి తుడవాలి. విప్పలేని తుపాకీ లోపలే తుప్పు పట్టి ఒకరోజు మీకు చెప్పకుండా పనిచేయడం మానేస్తుంది, లేదా అంతకన్నా ఘోరం, మీకు చెప్పకుండా పనిచేస్తుంది.

ఇది ఊరికే అన్న మాట కాదు. పదిహేనేళ్ళ కింద అనుకుంటా, జనగామ వైపు నుంచి ఒక పెద్దమనిషి కొత్త మడమ వేయించుకున్న తుపాకీ తెచ్చారు. బిగుతు అద్భుతం, బయటి పని చూస్తే నాకే అసూయ. డమ్మీ తూటాలు పెట్టి మూస్తే ఎడమ ఘోడా, అంటే తూటాను పేల్చే సుత్తి, తనంతట తనే పడింది. ఇంకోసారి మూశాను, మళ్ళీ పడింది. విప్పి మసి పెట్టి చూస్తే, సియర్ తోక, అంటే ఘోడాను వెనక్కి పట్టి ఉంచే చిన్న మీట వెనక కొస, లోపల కర్రకు తగులుతోంది. ఆవగింజంత చోటు. దాంతో సియర్ గాడిలో పూర్తిగా కూర్చోవడం లేదు. ఆ తుపాకీతో ఆయన అప్పటికే నాలుగైదు తూటాలు కాల్చారు, కుడి నాలి మాత్రమే వాడారు కాబట్టి బతికిపోయారు.

కాబట్టి తమ్ముడూ, ఊగడం కన్నా ఇదే నాకు పెద్ద భయం. కొత్త మడమ వేశాక అసలు తూటా పెట్టే ముందు డమ్మీలతో పరీక్ష తప్పనిసరి. సేఫ్టీ వేసి రెండు ట్రిగ్గర్లూ గట్టిగా లాగాలి, ఏదీ పడకూడదు. లాగడం ఆపి సేఫ్టీ తీయాలి, అప్పుడూ పడకూడదు. చాలామంది ఈ రెండోది చేయరు. తర్వాత సేఫ్టీ తీసి ఉంచే, రబ్బరు షీటు మీద మడమ అడుగుతో నాలుగైదు దెబ్బలు వేయాలి. తెరిచి మూస్తే సేఫ్టీ తనంతట తనే వెనక్కి వచ్చే రకం అయితే పూర్తిగా వస్తోందా చూడాలి, సేఫ్టీ కడ్డీకి కర్ర అడ్డం వస్తే సగంలో ఆగుతుంది. ట్రిగ్గర్లు లాగి వదిలితే వేగంగా ముందుకు రావాలి, బద్ధకంగా వస్తే పక్కన ఎక్కడో కర్ర రాసుకుంటోంది. ఇవన్నీ స్క్రూలు పూర్తిగా బిగించాక చేయాలి. వదులుగా ఉన్నప్పుడు తగలని కర్ర బిగించాక తగులుతుంది.

స్క్రూల గురించి ఒక చిన్న విషయం, నాకు ఇష్టమైనది. మంచి పాత తుపాకీల్లో స్క్రూ తలల గాట్లన్నీ నాలి వెంబడి నిలువుగా, ఒకే దిశలో ఉంటాయి. అందం కోసమే అనుకుంటారు. అదొక గుర్తు కూడా. స్క్రూ బిగిస్తే గాటు సరిగ్గా ఆ గీత మీద ఆగాలి. ఒకరోజు గీత దాటి పక్కకు తిరిగింది అంటే లోపల కర్ర నలిగింది, లేదా ఎండి కుదించుకుంది. కొత్త మడమకు అన్నీ కుదిరాక గాట్లు ఎక్కడ ఆగాయో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. గాటుకు సరిపోని స్క్రూడ్రైవర్ పెట్టి తలలు పాడు చేయొద్దు, మీ ఫోటోలో ఒకటి అప్పటికే నలిగి కనిపిస్తోంది. మేం ఒక్కో స్క్రూకు దాని గాటు వెడల్పు, మందం కొలిచి మొన అరగదీసుకుంటాం.

కుదించుకోవడం అన్నాను కదా, మన ఊరి ఎండలు తెలిసిందే. మేలో 44, 45 డిగ్రీలు, గాలిలో తడి ఉండదు. ఆగస్టుకు బీరువాలో చెప్పులకు బూజు పడుతుంది. కర్ర ఈ రెంటి మధ్య ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఉత్తరాది నుంచి వచ్చిన రెడీమేడ్ మడమ పార్శిల్ విప్పిన రోజే బిగించేస్తే ఎలా? నేనైతే ఇంట్లో నీడన పెట్టి, కిరాణా తూకం మీద వారానికోసారి తూచి, రెండు మూడు వారాలు బరువు మారకుండా ఉన్నాకే ఉలి పెడతాను. 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికలకు, మళ్ళీ 2024 మే పార్లమెంటు ఎన్నికలకు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేసినవాళ్ళు చాలామంది తెచ్చుకున్నాక నా దగ్గరికి వచ్చారు. ఎవరి తప్పూ లేదు, నెలల తరబడి వేడి గదిలో నిలబెట్టి ఉంటే ఏ కర్రయినా ఎండుతుంది. చాలావాటికి స్క్రూ పావు చుట్టు తిప్పితే సరిపోయింది, రెండింటికి మాత్రం ముందు ముఖం మళ్ళీ చేయాల్సి వచ్చింది.

ఇక్కడి కర్రతో చేయించుకోవచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. జిట్రేగి అయితే చేయొచ్చు, గట్టిది, బరువు ఎక్కువ, ఉలికి తొందరగా లొంగదు. టేకు చూడ్డానికి బాగుంటుంది, ఎండా వానలకు పెద్దగా కదలదు, కానీ పీచు వెంబడి చీలే గుణం ఉంది, జిడ్డు వల్ల ఎపాక్సీ సరిగ్గా పట్టదు, పట్టించే ముందు అసిటోన్‌తో తుడవాలి. ఏదైనా డిపోలో బిల్లుతో కొన్న కర్రే వాడండి, ఏటూరునాగారం అడవి నుంచి బావమరిది తెచ్చాడు లాంటి కథలు నాకు చెప్పొద్దు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్రతో ఒకాయన మడమ చేయించుకుని వచ్చారు, తేలిగ్గా ఉంటుందని. తేలిగ్గానే ఉంది. గోరుతో గీస్తే గీత పడింది. గోడకు తగిలించుకోమని పంపించాను.

పై పూతకు ఉడికించిన అవిసె నూనె. ఒక్కసారి చిక్కగా పూస్తే బంకలా ఉండిపోతుంది. అరచేత్తో పలచగా రుద్ది, పూర్తిగా ఆరాక ఇంకో పొర, అలా ఎనిమిది పది పొరలు. శ్రావణంలో మొదలుపెట్టకండి, దసరా దాకా ఆరదు. ముఖ్యంగా కంటికి కనపడని చోట్ల, అంటే ముందు ముఖం, వెనక రబ్బరు కింద, పూయాలి. తడి అక్కడి నుంచే లోపలికి పోతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి తీగ మీద ఆరేయండి.

భుజం నొప్పి, చెంప దెబ్బ సంగతి. ట్రిగ్గర్ నుంచి మడమ చివరి దాకా పొడవు 15 అంగుళాలకు పైనే వచ్చిందని రాశారు, మీ ఎత్తు ఐదడుగుల ఐదు. మీకు 14 చుట్టుపక్కల సరిపోతుంది. పొడుగ్గా ఉంటే మడమ భుజం గుంటలో కాకుండా చేతి కండ మీద కూర్చుంటుంది, నొప్పి అక్కడే కదా? చాలామందికి నప్పేవి మధ్యస్థంగా 14 నుంచి 14.5 అంగుళాలు. చెంప ఆనే చోట కర్ర ఎంత కిందకి దిగి ఉండాలి అనేది ఇంకా ముఖ్యం, నాలి గీతకు మామూలుగా ఒకటిన్నర అంగుళం కింద, చివర్లో రెండు నుంచి రెండున్నర. మీ పాత మడమ చివర బాగా వాలి ఉంది, కొత్తది నిటారుగా ఉంది. మీరు పాత అలవాటుతో తల వంచి చెంప గట్టిగా నొక్కుతున్నారు, అది వెనక్కి వచ్చి కొడుతోంది. పైగా కుడిచేతి వాళ్ళకు మడమ కొంచెం కుడికి వంగి ఉండాలి, రెడీమేడ్‌లో అది ఉండకపోవచ్చు.

పొడవు తగ్గించడం మాత్రం ఆఖరి పని. ఆనిక కుదిరాక ఇనుము ముందుకో వెనక్కో కాస్త జరుగుతుంది, కొలత మారుతుంది. ఖాళీ తుపాకీని, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తుకోండి, కళ్ళు తెరిస్తే నాలి మధ్య గీత మీద చూపు ఉండాలి. పది సార్లు చేయండి. కోసేటప్పుడు ఒకేసారి అంగుళం వద్దు, అర అంగుళం తీసి వారం వాడి చూడండి. కోసిన కర్ర మళ్ళీ పెరగదు, కానీ రబ్బరు ప్యాడ్ మందంతో కాస్త సర్దుకోవచ్చు.

అన్నీ అయ్యాక మొదటి రోజు పది తూటాల కన్నా ఎక్కువ వద్దు, అది కూడా తేలికపాటివి, అనుమతి ఉన్న రేంజ్‌లో. ఇంటికొచ్చి స్క్రూ గాట్లు ఫోటోతో పోల్చండి, తోక దగ్గర కార్డు ముక్క దూర్చి చూడండి. పాతిక తూటాలయ్యాక ఇంకోసారి. కార్డు దూరడం ఆగిపోతే కాల్చడం ఆపి దుకాణానికి వెళ్ళాలి. తుడిచాక తుపాకీని బీరువాలో నాలి మూతి కిందికి పెట్టి నిలబెట్టండి, కింద గుడ్డ వేసి. మూతి పైకి పెడితే నాలిలో, యాక్షన్‌లో మిగిలిన నూనె నెమ్మదిగా దిగి కర్ర ముఖంలోకే పోతుంది. మీ తాతగారి మడమ నూనె తాగింది అలాగే.

ఆ పాత మడమ పారేయలేదు కదా? పారేయకండి. పగులు నడుము దగ్గర ఆగి ఉంటే, నూనె లాగేసి, సన్నటి ఎపాక్సీ దించి, లోపల ఇత్తడి మరకడ్డీ ఒకటి వేస్తే చాలాసార్లు అదే కొత్తదానికన్నా బాగా నిలబడుతుంది. నూనె లాగడానికి సుద్దపొడి, అసిటోన్ కలిపిన ముద్ద పూసి ఎండబెట్టి దులపడమే, పసుపుగా రావడం ఆగేదాకా. కర్ర మరీ మెత్తబడి పనికిరాకపోయినా సరే, మీకు కుదిరిన కొలతలన్నీ దానిలోనే ఉన్నాయి. లైసెన్సు పుస్తకం, తుపాకీ, కొత్త మడమ, పాత మడమ నాలుగూ ఒకే రోజు పట్టుకెళ్ళండి. ముందు ఆ కార్డు ముక్క పెట్టి చూసి, సందు ఉందో లేదో ఇక్కడ రాయండి.